సముద్రం పక్కన మూడు రాత్రులు

"అక్కా, అయిదు రోజులు ఏ పనీ చెయ్యలేదు తెలుసా!" అంది మా చెల్లి ఫోన్లో.

"అయ్యో, ఏమైందే? జ్వరమా?" అన్నాను.

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అంది. "చూశావా అక్కా, ఆడది ఏ పనీ చెయ్యలేదంటే మనకి గుర్తొచ్చేది జ్వరమే."

చెల్లెళ్లూ, ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్న ముచ్చట ఇదే. ఒంట్లో బాగున్నప్పుడే, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా, నాలుగు రోజులు ఊరికే కూర్చోవడం ఎలా? నాయుడుపేటలో పుట్టి పెరిగిన మాకు సముద్రం గంటన్నర దారి. ఆ సముద్రం పక్కన మేం ఒక్కసారైనా ఊరికే కూర్చున్నామా?

మా చెల్లి డల్లాస్‌లో ఉంటుంది. ఇద్దరు పిల్లలు, ఇంటి పని, ఆఫీసు పని. 2025 మార్చిలో వాళ్లు జమైకా వెళ్లారు. పెద్ద హోటళ్లుండే వైపు కాదు. దక్షిణ తీరంలో సెయింట్ ఎలిజబెత్ అనే ప్రాంతంలో ట్రెజర్ బీచ్ అని ఒక జాలరుల ఊరుంది, అక్కడికి. మాంటెగో బే విమానాశ్రయంలో దిగి, రెండు గంటలకు పైగా కార్లో పోవాలంట. ఊరంటే ఒకే ఊరు కాదు, పక్కపక్కనే నాలుగైదు చిన్న తీరాలు. మేడలు లేవు. ఊరివాళ్లే తమ ఇళ్లలో రెండు మూడు గదులు అద్దెకిస్తారు. పొద్దున పడవలొస్తాయి, మధ్యాహ్నం ఆ చేపే పళ్లెంలోకొస్తుంది.

"ఏమడిగినా 'సూన్ కమ్' అంటారక్కా. వస్తాంలే అని. ఎప్పుడో మాత్రం చెప్పరు. మొదటిరోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మూడోరోజుకి నేనే మా ఆయనతో 'సూన్ కమ్' అంటుండా."

"మన దగ్గర 'ఇదో వస్తుండా' అంటారు, అదేగా?" అన్నాను.

"అదే! కానీ మన ఊళ్లో ఆ మాట మగవాళ్లే అనగలరక్కా. ఆడవాళ్లు అనడం నువ్వు విన్నావా?"

ఆలోచించాను. నిజమే. పొయ్యి మీద పాలు, కుళాయిలో నీళ్లు, స్కూలు బస్సు... ఇవేవీ 'ఇదో వస్తుండా' అంటే ఆగవు.

చెల్లి చెప్పిన సంగతుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆ తీరం నుంచి పడవ మీద కాస్త దూరం పోతే, సముద్రం మధ్యలో ఇసుక మేట మీద కర్రల గుడిసె ఒకటి ఉంటుంది. 2001లో ఒక జాలరి కట్టుకున్నాడు. పెలికన్ పక్షులు వచ్చి వాలే చోటని దానికి పెలికన్ బార్ అని పేరు. తుపాను వచ్చినప్పుడల్లా అది కొట్టుకుపోతుంది, మళ్లీ కడతారు. 2024 జులైలో వచ్చిన బెరిల్ తుపాను ఆ ఊరి ఇళ్ల పైకప్పుల్ని ఎగరేసింది. చెల్లివాళ్లు వెళ్లేసరికి కొన్ని ఇళ్లకి కొత్త రేకులు మెరుస్తున్నాయంట. 2025 అక్టోబరు 28న మెలిస్సా వచ్చింది. ఆ దేశం చరిత్రలోనే పెద్ద తుపాను. ఆ రోజు చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. "మాకు వండిపెట్టిన ఆవిడ ఎట్లుందో అక్కా" అని. రెండు వారాలకి కబురు తెలిసింది. ఆవిడ క్షేమం. ఇంటి కప్పు మాత్రం పోయింది.

మనకిది కొత్త కాదు కదా. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2021 నవంబరు వానలకి స్వర్ణముఖి ఎలా పొంగిందో మేమంతా చూశాం. తీరాన ఉండేవాళ్ల బతుకు ఎక్కడైనా ఒకటే. ఎండున్న నాలుగు నెలల్లో సంపాదించుకుని, గాలి నెలల్లో గుండె చిక్కబట్టుకోవడం. చెల్లి ఏడ్చింది ఆ ఊరి అందం పోయిందని కాదు. తనకి అయిదు రోజులు విశ్రాంతినిచ్చిన మనిషికి నిలవనీడ లేకుండా పోయిందని.

అప్పుడే అంది చెల్లి. "అక్కా, సంక్రాంతికి వస్తుండా. ఫిబ్రవరి మొదటివారం దాకా ఉంటా. ఈసారి గుళ్లూ పెళ్లిళ్లూ చీరల కొట్లూ కాదు. నువ్వూ నేనూ అమ్మా, మన సముద్రం పక్కన, మూడు రాత్రులు."

అమ్మ మాట వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం.

మా చిన్నప్పుడు ఏడాదికి ఒకసారో రెండుసార్లో సముద్రానికి పోయేవాళ్లం. కార్తీక పౌర్ణమికి, లేకుంటే మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం. తెల్లారుజామున మూడింటికి అమ్మ లేచేది. పులిహోర కలిపి, పెరుగన్నం గిన్నెకెత్తి, ఊరగాయ జాడీ మూతికి గుడ్డ కట్టి, అందరి పొడిబట్టలూ మూటగట్టేది. అక్కడికి పోయాక మేమంతా నీళ్లలోకి పరుగెత్తేవాళ్లం. అమ్మ మటుకు మూటలు, చెప్పులు, గడియారాలు, చిన్నమ్మ తీసిచ్చిన గొలుసు, అన్నీ ఒక దుప్పటి మీద పెట్టుకుని మధ్యలో కూర్చునేది. మేమందరం మునిగి వచ్చాక చివర్లో గబగబా పోయి మూడు మునకలు వేసి, నెత్తిన నీళ్లు చల్లుకుని వచ్చేసేది. ఎందుకంటే అప్పటికి అందరికీ ఆకలి.

డెబ్భై దాటిన అమ్మకి సముద్రం అంటే ఏం గుర్తుందో తెలుసా? చెప్పుల కుప్ప. నేను అడిగితే ఆవిడ చెప్పిన మాటే ఇది. బాధపడుతూ చెప్పలేదు, మామూలుగా చెప్పింది. నాకు అందుకే ఇంకా బాధేసింది.

అందుకని చెల్లీ నేనూ ఒక నోటుపుస్తకం పెట్టాం. అక్కడ తనకి పొద్దు, ఇక్కడ నాకు రాత్రి. రోజూ ఒక అరగంట ఫోన్లో మాట్లాడుకుని, అందులో ఒక్కో సంగతీ రాసుకుంటూ వచ్చాం. మీలో ఎవరికైనా పనికొస్తుందని ఆ పుస్తకం మీ ముందు విప్పుతున్నాను.

మొదట, ఎప్పుడు పోవాలి? మన తీరానికి ఈశాన్య రుతుపవనం ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. అప్పుడు వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం, అది చేపలు గుడ్లు పెట్టే కాలం. పైగా ఎండలు. జనవరి, ఫిబ్రవరి అయితే గాలి చల్లగా ఉంటుంది, పక్షులుంటాయి, చేపలుంటాయి. మాఘ పౌర్ణమి రోజు తీరమంతా జనం. అందుకే మేం పౌర్ణమి మర్నాడు బయల్దేరేట్టు రాసుకున్నాం. దానికి ఇంకో కారణం కూడా ఉంది. పౌర్ణమినాడు పొద్దు కుంకుతుండగానే చందమామ వచ్చేస్తాడు. పాడ్యమి, విదియల్లో ముందు బాగా చీకటి పడుతుంది, నక్షత్రాలు కనిపిస్తాయి, ఆ తర్వాత సముద్రంలోంచి ఎర్రగా లేస్తాడు. మనది తూర్పు తీరం. ఈ వరం మనకే ఉంది.

ఎక్కడికి? మైపాడు పేరున్న తీరం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. ఆదివారాలు సందడి. మాకు కావలసింది సందడి లేని చోటు. అందుకని తూపిలిపాళెం వైపు అనుకున్నాం. నాయుడుపేట నుంచి మల్లాం మీదుగా, సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టుకుని, వాకాడు దాటి పోవాలి. దారిపొడుగునా వరిచేలు, ఆ తర్వాత రొయ్యల గుంటలు, ఆ తర్వాత ఇసుక నేలల్లో జీడిమామిడి, సరుగుడు తోటలు. సరుగుడు తోటలోంచి గాలి వస్తుంటే, సముద్రం ఇంకా కనపడకముందే దాని శబ్దం వచ్చేసినట్టు ఉంటుంది.

దగ్గర్లోనే దుగ్గరాజపట్నం. అక్కడ పాత లైట్‌హౌస్ ఉంది. 1620లలో ఇంగ్లీషువాళ్లు ఆ ఊళ్లో కోట, గిడ్డంగి కట్టుకుని వ్యాపారం చేశారు. ఆ చోటుకి వాళ్లు పెట్టుకున్న పేరు ఆర్మగాన్. అక్కడున్న ఫ్రాన్సిస్ డే అనే దొర ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణంగా పోయి, 1639లో మద్రాసుపట్నం దగ్గర జాగా సంపాదించాడు. అదే ఇప్పటి చెన్నై. ఆ దొరలు అక్కడే ఉండిపోయి ఉంటే ఈ తీరమంతా ఇప్పుడు మేడలే కదా. వాళ్లు వదిలిపోబట్టే మనకి ఈ నెమ్మది మిగిలిందని నాకనిపిస్తుంది.

ఎక్కడ దిగాలి? తీరం ఎంత బాగున్నా, ఆడవాళ్లకి మొదటి ప్రశ్న మరుగుదొడ్డి. ఇది దాచుకోవలసిన మాట కాదు. పొద్దున్నించీ సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఓర్చుకుని, ఇంటికొచ్చాక మూత్రంలో మంటతో బాధపడిన ఆడవాళ్లు మనలో ఎంతమందో. మా చిన్నమ్మ ప్రతి సముద్ర స్నానానికీ అలాగే పోయి వచ్చేది. అందుకే పొద్దున పోయి సాయంత్రం వచ్చే ప్రయాణం మేం రాసుకోలేదు. వాకాడు పక్క పల్లెలో మా పెద్దమ్మవాళ్ల ఇల్లు ఖాళీగా ఉంది. నీళ్లున్నాయి, తలుపు ఉన్న స్నానాలగది ఉంది. అది చాలు. మీకు అలాంటి చుట్టాల ఇల్లు లేకపోతే, గది తీసుకునేముందు ఇంకేమడిగినా అడక్కపోయినా ఈ సంగతి అడగండి. మైపాడులో పర్యాటక శాఖ బస ఉంది, పిల్లలతో పోయేవాళ్లకి అది నయం.

ఇంకో మాట. నెలసరి తేదీలు. మనింట్లో ప్రయాణమంటే ఆడపిల్ల గుండెలో మొదట తిరిగేది ఆ లెక్కే. దాని కోసం మందులు మింగి నెలసరిని వెనక్కి నెట్టే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. చెల్లెళ్లూ, డాక్టరమ్మని అడక్కుండా ఆ మాత్రలు వేసుకోకండి. మేం పోతున్నది స్నానం పుణ్యానికి కాదు, ఊరికే కూర్చోవడానికి. అందుకు ఏ రోజైనా మంచి రోజే. వెంట తీసుకుపోయే సంచిలో ప్యాడ్లు పెట్టుకుంటే సరి.

ఇక వంట. ఈ ఒక్కదాని మీద చెల్లీ నేనూ మూడు రోజులు మాట్లాడుకున్నాం. "అక్కా, టిఫిన్ క్యారియర్ తీసుకున్నావంటే నేను రాను" అంది. "అమ్మకి కారం పడదే, నేను చారు పెడతా" అన్నాను. "చారు కూడా వాళ్లే పెడతారు. ఎట్లా కావాలో నువ్వు చెప్పు, చాలు."

ట్రెజర్ బీచ్‌లో చెల్లివాళ్లకి వండిపెట్టిన ఆవిడ వేయించిన చేప మీద ఉల్లిపాయ, క్యారెట్, మిరపకాయ ముక్కలు పులుపులో ఊరేసి పోసేదంట. పక్కన కర్రపెండలం రొట్టె. ఒక రాత్రి మేక కూర పెట్టిందంట. పసుపు, మసాలా వాసన తగిలేసరికి చెల్లి నోట మాట రాలేదు. ఆ కూర ఆ దీవికి మనవాళ్ల వెంటే వెళ్లింది. 1845 మే 10న చెరకు తోటల్లో పనికి భారతీయులతో మొదటి ఓడ జమైకాలోని ఓల్డ్ హార్బర్ రేవుకి చేరింది. ఆ తర్వాత ఎన్నో ఓడలు. కరీబియన్ తోటలకు మద్రాసు రేవు నుంచి పోయిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ ఓడలెక్కిన ఆడవాళ్లకి ఆ సముద్రం సెలవు కాదు. మళ్లీ చూడని ఊరికీ, ఎరగని తోటకీ మధ్య నీళ్లు. ఆ సంగతి తెలిశాక చెల్లి ఆ రాత్రి తీరాన చాలాసేపు కూర్చుందంట.

మన వంట సంగతికొస్తే, పెద్దమ్మవాళ్ల ఇంటి పక్కనే ఒకావిడ ఉంది. చేపల పులుసు పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. మూడు రోజులూ ఆవిడే వండుతుంది. ఒకరోజు మామిడికాయ వేసిన చేపల పులుసు. ఫిబ్రవరికి పిందెలు దొరికితే సరే, లేకుంటే చింతపండు. పెట్టిన రోజు కాకుండా మర్నాడు తినాలి, నెల్లూరువాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ఒకరోజు మెత్తళ్ల వేపుడు, దొరికితే పండుగప్ప. ఒకరోజు ఉత్త పప్పు, చారు, అప్పడం. ఆవిడకి ఎంతివ్వాలో ముందే మాట్లాడుకున్నాం. "చుట్టాలే కదా, ఒక చీర పెడితే సరిపోదా" అన్నది అమ్మ. "లేదమ్మా, మనకి విశ్రాంతి కావాలని ఇంకో ఆడమనిషి చేత ఊరికే పని చేయించుకుంటే అది విశ్రాంతి కాదు" అంది చెల్లి. హోటల్లో ముగ్గురికి ఎంతవుతుందో లెక్కేసి, అంతకు తగ్గకుండా డబ్బు, ఆ పైన చీర. ట్రెజర్ బీచ్ అలాగే నిలబడింది. అక్కడ 1998లో ఊరివాళ్లే బ్రెడ్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. వచ్చినవాళ్ల డబ్బు ఊళ్లోనే తిరిగేట్టు చూసుకుంటూ, బడి, ఆరోగ్యం, ఆటలు, జాలరుల అవసరాలు చూస్తుంది. మన తీరంలో అలాంటిది వచ్చేదాకా, మన చేతిలో ఉన్నది మనం చెయ్యొచ్చు. చేప పట్టపుపాళెం జాలరి ఆడవాళ్ల తట్టలోంచే కొందాం, గీచిగీచి బేరమాడకుండా.

ఇప్పుడు కాస్త జాగ్రత్త మాట. కరీబియన్ దీవుల్లో చాలాచోట్ల పగడపు దిబ్బలు అలల్ని అడ్డుకుంటాయి, తీరం దగ్గర నీళ్లు చెరువులా ఉంటాయి. మన బంగాళాఖాతం అలా కాదు. ఒడ్డు నుంచి నాలుగడుగులు పోయేసరికి లోతు, కింద ఇసుకని లాగేసే నీరు. పౌర్ణమి ముందూ వెనకా పోటు ఎక్కువ. అన్నిచోట్లా అలలు విరుగుతూ ఉండి, మధ్యలో ఒక్కచోట మటుకు విరక్కుండా, మురికిగా, నురగతో నీళ్లు లోపలికి పోతుంటే, నెమ్మదిగా కనిపించినా ఆ చోటే ప్రమాదం. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఓపిక పోతుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి పోయి, అలలు విరిగేచోట బయటికి రావాలి. మాకు ఈత రాదు కాబట్టి మోకాలి లోతు దాటం. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకి చుట్టుకుంటాయి, సల్వార్ నయం. దిగేముందు అక్కడున్న జాలరిని అడగండి. ఆయన వద్దంటే ఆ రోజు వద్దు.

రోజంతా ఏం చేస్తారని మావారు అడిగారు. మంచి ప్రశ్నే. మా నియమం ఒకటి. రోజుకి ఒక్క పని, అది కూడా ఇష్టమైతేనే.

ఒకరోజు నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర. హైవే దిగి కాస్త లోపలికి పోతే చెరువు, చెరువులో నీటికడప చెట్లు, ఆ చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. 1976 నుంచి రక్షిత ప్రాంతం. అక్టోబరులో వచ్చి మార్చి దాకా ఉండి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని పోతాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీళ్లు పొలానికి బలమని ఊరివాళ్ల నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవరూ పోరు. గూడబాతు అంటే పెలికనే. చెల్లి సముద్రం మధ్యలో గుడిసె మీద చూసిన పక్షికి దగ్గర చుట్టం, మన ఇంటికి అరగంట దూరంలో గూడు కట్టుకుని ఉంది. ఈ మాట చెప్పగానే చెల్లి "అక్కా, బడికి పోయేటప్పుడు ఎప్పుడూ ఆ దారినే పోయాం కదే" అంది. పొద్దు ఎక్కకముందే పోవాలి. గట్టిగా మాట్లాడకూడదు, తినుబండారాల కవర్లు పారేయకూడదు.

ఇంకోరోజు సాయంత్రం పులికాట్. మన పాతవాళ్లు ప్రళయ కావేరి అనేవాళ్లు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే పోతుంది. అటూ ఇటూ నీళ్లలో ఫ్లెమింగోలు పొడుగుకాళ్ల మీద వరసగా నిలబడి ఉంటాయి. ఆ పక్షుల పేరనే జరిగే పండుగ 2025 జనవరిలో సూళ్లూరుపేట, నేలపట్టు, భీమునివారిపాళెంలలో జరిగింది. భీమునివారిపాళెంలో పడవలుంటాయి. ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి, సరస్సు లోతు తక్కువని వదిలేయకండి. రోడ్డు పక్కన కారు ఆపి, పొద్దు సరస్సులో దిగేదాకా కూర్చోవడం మా కార్యక్రమం. తూర్పున సముద్రంలో పొద్దు పొడిచేదీ, పడమట సరస్సులో పొద్దు కుంకేదీ ఒక్కరోజులో చూడగల ఊరు మనది.

ఇక రాత్రుళ్లు. ట్రెజర్ బీచ్‌లో 2001 నుంచి కాలబాష్ అని సాహిత్య పండుగ జరుగుతోంది. సముద్రం పక్కన కూర్చుని కవులూ కథకులూ తమ రచనలు చదువుతారు, ఊరివాళ్లూ వచ్చి వింటారు. చెల్లి చెప్పగానే నాకు తట్టింది. మనకి స.వెం.రమేశ్ రాసిన 'ప్రళయ కావేరి కథలు' ఉన్నాయి కదా. ఆ సరస్సులోని దీవుల మనుషుల కథలు, ఆ మనుషుల మాటలోనే. అమ్మకి కళ్లు సరిగా కనపడక చదవడం మానేసి చాన్నాళ్లయింది. రోజుకో కథ, చందమామ లేచాక, నేను చదువుతా. ఒకరోజు చెల్లి చదువుతుంది.

ఒడ్డున బలమైన లైట్లు వెయ్యం. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుతురు చూస్తే వెనక్కి తిరుగుతాయి. కనిపిస్తే దూరంగా నిలబడి చూడాలి, ఫొటోల కోసం చుట్టుముట్టకూడదు. ఎంత దూరం నుంచో ఈదుకొచ్చి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్లీ సముద్రంలోకి పోయే ఆ తల్లికి కూడా కాస్త నెమ్మది కావాలి.

మీ పిల్లలు అమెరికాలో ఉంటే, వాళ్లు మిమ్మల్ని కరీబియన్ దీవులకి తీసుకుపోతామంటే, సందేహించకుండా పోండి. చెల్లి మీకు చెప్పమన్న మాటలు రెండున్నాయి. ప్యూర్టోరికో, సెయింట్ థామస్, సెయింట్ జాన్ లాంటివి అమెరికా భూభాగాలే. అమెరికా వీసా మీద వెళ్లిన అమ్మానాన్నలకి అక్కడికి వేరే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు మాత్రం దగ్గరుంచుకోవాలి. జమైకా లాంటి వేరే దేశాలకైతే, మళ్లీ అమెరికాలోకి రావడానికి మీ వీసా పనికొస్తుందో లేదో టికెట్ కొనకముందే కనుక్కోవాలి. రెండోది, కాలం. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుపానుల కాలం, ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మరీ ఎక్కువ. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాతావరణం బాగుంటుంది, ధరలూ ఎక్కువే. ఏప్రిల్ చివర, మే నెల మధ్యేమార్గం.

కానీ చెల్లెళ్లూ, అంతదూరం పోతేనే సెలవని మాత్రం అనుకోకండి. చెల్లికి ఆ అయిదు రోజుల హాయి ఇచ్చింది నీళ్ల రంగు కాదు. తనే చెప్పింది. "పొద్దున్నే కళ్లు తెరిచి, ఇవాళ ఎవరికి ఏం పెట్టాలి అన్న ఆలోచన రాకుండా, అలల శబ్దం విన్నానక్కా. పెళ్లయిన పద్నాలుగేళ్లలో అదే మొదలు." ఆ ఆలోచన లేని ఒక్క పొద్దు మన తూపిలిపాళెంలోనూ దొరుకుతుంది. డబ్బు కన్నా ముందు దానికి కావలసింది, ఇంట్లో నలుగురూ ఒప్పుకోవడం. మావారు పాలు, పాలవాడు, మొక్కలకి నీళ్లు, మా అత్తగారి మాత్రలు అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు. "నువ్వు ఫోన్ చేసి గుర్తు చెయ్యొద్దు, నేను చూసుకుంటా" అన్నారు. మా పెళ్లయ్యాక ఆయన నాకు కొనిపెట్టిన వాటిల్లో ఏదీ ఆ మాటకి సాటి రాదు.

మొన్న రాత్రి నోటుపుస్తకం తీసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. చెల్లి ఫోన్లో ఉంది. ఏ రోజు ఏంటో అంతా చదివి వినిపించాను. ఒడ్డున అమ్మ మోకాళ్లకి ఇబ్బంది లేకుండా ప్లాస్టిక్ కుర్చీ వేసి, అల వచ్చి పాదాలు తడిపేచోట కూర్చోబెడతామని చెప్పాను. చేయి పట్టుకుని మోకాలి లోతు దాకా తీసుకుపోతామని చెల్లి చెప్పింది.

అమ్మ అంతా విన్నది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, కాసేపటికి అడిగింది.

"అందరం నీళ్లలోకి పోతే, బట్టల దగ్గర ఎవరుంటారే?"

ఫోన్లో చెల్లి ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. పెన్ను తీసుకుని, మొదటిరోజు పొద్దున అని రాసి ఉన్న పేజీలో, అమ్మకి కనపడేట్టు పెద్ద అక్షరాలతో రాశాను.

బట్టల దగ్గర: నేను.